రుమాలు జారిన ముఖం

ఎల్లారెడ్డి,
29 సెప్టెంబర్ 2024

తమ్ముడు ఖదీర్‌కు ఆపా దువాలు.

నువ్వు కళ్లు తెరిచావని వనజ టీచర్ చెప్పేదాకా నాకు ముద్ద దిగలేదు. నా ఫోన్ మా ఆయన, మీ దుల్హాభాయి, లాక్కున్నారు. నీ నంబర్ ఈ ఇంట్లో మోగకూడదని మన పెద్దన్న సత్తార్ భయ్యా హుకుం. అందుకే ఈ కాగితం. వనజ టీచర్ అంగన్‌వాడీ మీటింగులకు కామారెడ్డి వస్తూ పోతూ ఉంటుంది. జవాబు ఆమె చేతికే ఇవ్వు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ అయినా మన ఇద్దరికీ బడి నేర్పింది తెలుగే. ఈ ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే కాబట్టి భయం లేదు.

ఆ రోజు నేను ఇంట్లో బీడీలు చుడుతున్నాను. బజార్లో కేకలు విని వచ్చేసరికి అంతా అయిపోయింది. నీ దుకాణం వెనక పెరట్లో నెత్తురు మీద ఎవరో ఇసుక పోశారు. ఇసుక కూడా ఎర్రబడింది.

నీ మీద కోపం ఇంకా పోలేదు. ఎవరడిగారు నిన్ను? నస్రుల్లాబాద్ పోయి, కాబోయే మామకు ఎదురుగా కూర్చుని, 'నాకు అల్లా మీద నమ్మకం లేదు, నిఖాలో అబద్ధం చెప్పి మీ బిడ్డను తెచ్చుకోలేను' అని చెప్పాలా? నోటితో రెండు ముక్కలు చదివి, మనసులో ఏమన్నా పెట్టుకోవచ్చు కదా. సంబంధం పోయింది. వారం తిరక్కుండా ఆ మాట మసీదు దాకా వచ్చింది. మసీదు బోరు మోటారు కాలిపోయినప్పుడల్లా నువ్వే కదరా ఉత్తపుణ్యానికి వైండింగ్ కట్టిచ్చింది!

సత్తార్ భయ్యా నిన్న వచ్చాడు. 'శుక్కురారం జుమ్మానాడు పదిమంది ముందట కల్మా చదవమను. వాపస్ వస్తే నా తమ్ముడు. రాకుంటే నాకు తమ్ముడే లేడు' అన్నాడు. అబ్బా గోడకు తిరిగి పడుకున్నారు.

అల్లా ఒక్కడేనని ఆ ఒక్క మాట చదివెయ్యి ఖదీర్. ఒక్కసారి. బతికుంటే చాలు.

నీ ఆపా,
బిల్కిస్

*

కామారెడ్డి,
21 అక్టోబర్ 2024

ఆపాకు,

అక్షరాలు వంకరగా ఉన్నాయని ఏడవకు. ఎడమ చేత్తో రాస్తున్నాను. కుడిచేతి మూడు వేళ్లు డాక్టర్లు తీసేశారు. తలకు పద్నాలుగు కుట్లు. ఎడమ చెవిలో ఎప్పుడూ మోటారు తిరుగుతున్నట్టే ఉంటుంది. ఆసుపత్రి నుంచి భూమేశ్ అన్న తన ఇంటికి తెచ్చుకున్నాడు. నాకు వైండింగ్ పని నేర్పిన ఉస్తాద్ ఆయనే అని నీకు తెలుసు కదా.

ఏం జరిగిందో నీకు ఎవరూ సరిగా చెప్పి ఉండరు. బెదిరింపులు మొదలయ్యాక పది రోజులు ఇక్కడే దాక్కున్నాను. ఆ రోజు సామాను తీసుకుపోదామని వచ్చాను. ఒప్పుకున్న మోటారు ఒకటి మిగిలిపోయింది, మాచారెడ్డి దగ్గరి తండా నుంచి మన ఊరికి వచ్చి కౌలు చేస్తున్న బీమ్లా అనే ఆమెది. నేను షట్టర్ ఎత్తడం చూసి వచ్చి, పొలం ఎండుతోందని ఆమె ఏడ్చింది. మధ్యాహ్నం మూడింటికి తీగ చుడుతుంటే ముగ్గురు వచ్చి షట్టర్ దించారు. ముఖాలకు రుమాళ్లు. నన్ను వెనక పెరట్లోకి ఈడ్చారు. ఒకడు రెండు చేతులూ పట్టుకుని బండ మీద పరిచాడు. ఇంకొకడు గడ్డపార ఎత్తాడు. తల మీద కాదు ఆపా, ముందు చేతి మీద కొట్టాడు. మోటార్లు కట్టే చేయి ఏదో తెలిసినవాడు.

'చదువ్‌రా కల్మా! చదువ్!' అంటూ కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. నేను 'అమ్మీ' అని అరిచాను. అమ్మీ చచ్చిపోయి ఆరేళ్లయిందని అప్పుడు గుర్తు రాలేదు. తర్వాత తల మీద పడింది.

మోటారు కోసం వచ్చిన బీమ్లా షట్టర్‌ను రాయితో బాదుతూ బజారంతా ఒక్కటి చేసింది. వాళ్లు గోడ దూకి పోయారు. ఆమె ట్రాలీలోనే నన్ను ఇక్కడి ఆసుపత్రికి తెచ్చారు.

పోలీసులకు ఎవరినీ గుర్తుపట్టలేదని చెప్పాను. నిజమే చెప్పాను.

ఆసుపత్రిలో నలుగురు కండువాల వాళ్లు వచ్చారు. పూలదండ తెచ్చారు. ఫోన్ కెమెరా నా ముఖం మీద పెట్టి, 'తమ్మీ, బొట్టు పెట్టుకొని మాతోని ఊరేగింపుల కూసో. నీ ఎనక మేమున్నం' అన్నారు. 'అన్నా, మసీదు ఇడిసింది గుడికి వచ్చెటందుకు గాదు. నన్ను పండుకోనియ్యుండ్రి' అన్నాను. పెద్దాయన దండ చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. 'గట్లయితే నువ్వు ఎవ్వనికీ గావు. నిన్ను మల్ల కొడితే మమ్మల్ని పిలువకు' అన్నాడు.

కల్మా సంగతి. చిన్నప్పుడు నువ్వే నేర్పావు, ఒక్క అక్షరం మర్చిపోలేదు. కానీ గడ్డపార కింద చదివితే అది ఎవరికి చదివినట్టు?

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. ఆ రోజు వస్తున్నానని నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. బస్సు దిగినప్పుడు ఎవరో చూసి ఉంటారు.

నీ
ఖదీర్

*

ఎల్లారెడ్డి,
8 డిసెంబర్ 2024

తమ్ముడికి,

ఇన్నాళ్లు రాయలేకపోయాను. రాద్దామని కూర్చుంటే చెయ్యి ఆగిపోతుంది.

అబ్బాకు ఒంట్లో బాగాలేదు. అన్నం తగ్గించారు. మొన్న నీ పేరు పలికారు. సత్తార్ భయ్యా విని, ఇంట్లో ఆ పేరు ఎత్తొద్దని అబ్బా మీదనే అరిచాడు. ముసలాయన చేతిలోని గ్లాసు జారి పగిలింది.

మీ దుల్హాభాయి మిల్లు నుంచి వచ్చాక గడియ పెట్టుకుని కూర్చుంటున్నారు. తలుపు చప్పుడైతే లేచి నిలబడుతున్నారు. మొన్న కూరలో ఉప్పు ఎక్కువైందని నా చెంప పగలగొట్టారు. ఇరవై రెండేళ్ల కాపురంలో చెయ్యెత్తడం అదే మొదలు.

ఖదీర్, ఒక్క మాట అడుగుతాను. నిజంగా ఎవరినీ గుర్తుపట్టలేదా?

బిల్కిస్

*

కామారెడ్డి,
11 జనవరి 2025

ఆపాకు,

గుర్తుపట్టలేదు. రుమాళ్లు ఉన్నాయని రాశాను కదా. ఆ సంగతి వదిలెయ్యి. దుల్హాభాయి మళ్లీ చెయ్యెత్తితే నాకు రాయి.

భూమేశ్ అన్న నన్ను రాజశ్రీ గారనే లాయరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె మాట కటువు. నేను సంచిలో కాగితాలు వెతుకుతుంటే, 'ఏడుపు తర్వాత ఏడుద్దువు గానీ ముందుగాల ఇను' అంది. 'మన దేశంల మతం ఇడిసినోన్ని శిక్షించే చట్టం లేదు. నమ్మెటందుకు ఎంత హక్కున్నదో నమ్మకుంట ఉండెటందుకు గంతే హక్కున్నది. కాని ఇడిసినోన్ని ప్రత్యేకంగ కాపాడే చట్టం గూడ లేదు. అందరికున్న చట్టాలతోనే కొట్లాడాలె.' మతం మారినా, వదిలినా పుట్టింటి వాటా పోదని బ్రిటిషు కాలం నాటి చట్టం కూడా ఒకటి ఉందట. వాటా నాకు వద్దన్నాను. 'వద్దనుడు నీ ఇష్టం. లేదనుడు వాళ్ల ఇష్టం గాదు' అంది.

హైకోర్టులో పిటిషన్ వేసింది. నాకు ప్రాణభయం ఉంది కాబట్టి పోలీసులు కాపలా ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. ఇప్పుడు నేను బయటికి పోతే ఇద్దరు కానిస్టేబుళ్లు వెంట ఉంటారు. కటింగ్‌కు పోతే మంగలి భయపడి చెవి కోశాడు.

ఉత్తర్వు వచ్చిన మూడో రోజే, పట్టపగలు, బండి మీద ఇద్దరు వచ్చి భూమేశ్ అన్న దుకాణం మీద రాళ్లు వేశారు. ఒకటి ఆయన దవడకు తగిలింది. రెండు పళ్లు అరచేతిలో ఉమ్ముకుని చూసుకున్నాడు. అటువైపు వాళ్లో, ఇటువైపు వాళ్లో తెలియదు. రాయి మీద పేరు ఉండదు కదా. నేను వెళ్లిపోతానంటే, 'నీ అయ్య జాగీరా పోనీకి? కూసో. ఆ స్టార్టర్ విప్పు' అన్నాడు.

రాజశ్రీ గారికి నా మీద కోపం. గుర్తుతెలియని వ్యక్తులని రాసిన కేసు కోర్టులో నిలబడదట. 'చూసినోడు ఒక్కడన్న నోరు తెరువాలె' అంటుంది.

ఖదీర్

*

ఎల్లారెడ్డి,
18 ఫిబ్రవరి 2025

తమ్ముడికి,

అబ్బాను మట్టిలో పెట్టి ఐదు రోజులైంది. కబరస్తాన్‌లో నీకేం కనబడిందో, ఏం కనబడలేదో నాకు తెలియదు. నేను ప్రహరీ అవతల ఆడవాళ్లతో నిలబడి అంతా చూశాను.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక నువ్వు జీపు దిగావు. మీసం తీసేశావు. చిక్కిపోయావు. నీకు అటొకరు ఇటొకరు పోలీసులు. సత్తార్ భయ్యా గేటుకు అడ్డం నిలబడ్డాడు. 'ముర్తద్ చేతి మట్టి పడితే అబ్బాకు అల్లా శిక్ష, అజాబ్ తగులుతది. మజహబ్ ఇడిసినోడు లోపలికి వస్తే ఈడనే ఇంకో గుంత తవ్వుతం' అన్నాడు.

అప్పుడు పేష్ ఇమాం సాబ్ ముందుకొచ్చారు. డెబ్బై ఏళ్ల మనిషి. 'సత్తార్, పక్కకు జరుగు. మన దీన్ మజహబ్‌ల జబర్దస్తీ లేదు. వాని లెక్క అల్లా చూసుకుంటడు, నువ్వు గాదు. తండ్రికి మట్టి వేస్తనని వచ్చిన కొడుకును ఆపుమని ఏ కితాబుల రాసిన్రు?' అన్నారు. నీ భుజం మీద చెయ్యి వేసి లోపలికి నడిపించారు.

మొదటి రాయి అప్పుడే వచ్చింది. నీకు తగలవలసింది ఇమాం సాబ్ కనుబొమ్మ మీద తగిలింది. తెల్లటి గడ్డం అంతా ఎర్రగా అయింది. ఆయన కూర్చుండిపోయారు. ఆ తర్వాత వాన పడినట్టు పడ్డాయి. కానిస్టేబుల్ టోపీ ఎగిరిపోయింది. నిన్ను జీపులో తోసేశారు. నువ్వు పిడికిట్లో పట్టుకున్న మట్టి నేల మీదే రాలింది.

ఆ మొదటి రాయి విసిరింది నా భర్త యాకూబ్.

ఆ రోజు ఇంటికొచ్చి ఆయన చేతులు కడుక్కుని, అన్నం పెట్టమన్నారు. పెట్టాను. ఆయన తింటుంటే నాకు సెప్టెంబర్ నెల మధ్యాహ్నం కళ్ల ముందు తిరిగింది. ఇక దాచలేను ఖదీర్.

నువ్వు దుకాణానికి వచ్చావని చెప్పింది నేనే. ఆయన ఖురాన్ మీద చెయ్యి పెట్టి, 'మాట్లాడి ఇంటికి తోల్కొస్తం, గంతే' అన్నారు. నమ్మాను. నమ్మాలనుకున్నాను. వాళ్లు పోయాక చూస్తే కొట్టంలో గడ్డపార లేదు. పరుగెత్తాను. నీ దుకాణం పెరటి గోడ ఒకచోట కూలి ఉంటుంది కదా, అక్కడి నుంచి చూశాను. సత్తార్ భయ్యా కొడుతున్నాడు. ఆయన రుమాలు జారలేదు, కానీ పుట్టినప్పటి నుంచి చూస్తున్న అన్న నడుము వంపు నాకు తెలియదా? నీ చేతులు పట్టుకున్నది యాకూబ్. నువ్వు గింజుకుంటుంటే ఆయన రుమాలు గొంతు దాకా జారింది. మూడోవాడు ఎవరో నాకు తెలియదు.

నేను అరవలేదు. నోరు తెరిచాను, చప్పుడు రాలేదు. ఊరు కాని ఊరి నుంచి వచ్చిన బీమ్లా షట్టర్ పగలగొడుతుంటే, నీ అక్కను నేను గోడకు అంటుకుని నిలబడ్డాను. నువ్వు 'అమ్మీ' అన్నావు. అదీ విన్నాను.

నన్ను మాఫ్ చెయ్యమని అడగను. రాజశ్రీ గారికి నా పేరు చెప్పు.

బిల్కిస్

*

కామారెడ్డి,
22 ఫిబ్రవరి 2025

ఆపా,

నీ పేరు చెప్పను. నువ్వు కూడా ఎవరికీ చెప్పకు.

నాకు తెలుసు. రుమాలు జారినప్పుడు దుల్హాభాయి ముఖం నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. చేతులు మాత్రం వదలలేదు. సత్తార్ భయ్యా గొంతు కూడా తెలుసు. అన్నీ తెలిసే పోలీసులకు అబద్ధం చెప్పాను. ఆయన జైలుకు పోతే నిన్నెవరు ఉండనిస్తారు? బాన్సువాడలో ఇచ్చిన బిడ్డను అత్తవారు ఏమంటారు? నా ఒక్క చెయ్యితో పోయింది అనుకున్నాను.

నువ్వు చెప్పడం వల్లే వాళ్లు వచ్చారని కూడా ఆసుపత్రిలో రెండో రోజే అర్థమైంది. బస్సు దగ్గర ఎవరో చూసి ఉంటారని అందుకే రాశాను, నువ్వు ఆ మాట పట్టుకుని ఊరట పడతావని.

నిన్ను కొడతారు ఆపా. నన్ను కొట్టినట్టే కొడతారు. నీ పక్కన కానిస్టేబుళ్లు లేరు. చేతులెత్తి దండం పెడుతున్నాను, ఊరుకో.

ఖదీర్

*

కామారెడ్డి,
16 ఏప్రిల్ 2025

తమ్ముడికి,

నువ్వున్న ఊళ్లోనే ఉన్నాను. ఏ ఇంట్లోనో రాయకూడదని రాజశ్రీ గారు చెప్పారు. ఈ ఉత్తరం ఆమె తెచ్చి ఇస్తుంది. నువ్వు వద్దన్నావు కాబట్టి నీకు చెప్పకుండా చేశాను.

రంజాన్ పండగ అయిన మరుసటి వారం, ఆసుపత్రికని చెప్పి వనజ టీచర్‌తో వచ్చి మేజిస్ట్రేట్ గారి ముందు అంతా చెప్పాను. మేజిస్ట్రేట్ కూడా ఆడమనిషే. 'ఎవరైనా బెదిరించి చెప్పించారా?' అని మూడుసార్లు అడిగింది. 'ఇన్ని నెల్లు చెప్పకుంట ఉన్నదే బెదిరిపోయి' అన్నాను.

ఇంటికి చేరేలోపే మాట చేరింది. మరునాడు పొద్దున చాట ముందు పెట్టుకుని బీడీ ఆకు కత్తిరిస్తున్నాను. యాకూబ్ వచ్చి తలుపు గడియ పెట్టాడు. నా చేతిలో కత్తెర లాక్కున్నాడు. ముందు జుట్టు పట్టి గోడకు కొట్టాడు. 'కాఫిర్‌కు గవాహీ ఇస్తవా? సాచ్చెం చెప్తవా? నీ నాలిక కోస్త' అన్నాడు. నోట్లోకి కత్తెర పెట్టబోతే నేను తల తిప్పాను. పెదవి నుంచి చెవి దాకా చీరింది. కింద పడ్డాక కాళ్లతో తన్నాడు. రెండు పక్కటెముకలు విరిగాయి. నెత్తురు మింగుతూనే ఈసారి అరిచాను ఖదీర్. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. పక్కింటి గంగాబాయి రోకలి పట్టుకుని తలుపు పగలగొట్టింది. 'ఇడువు దాన్ని! ఇడువకుంటే నీ నెత్తి పగుల్తది!' అని కేకలు వేస్తుంటే వాడకట్టు అంతా కూడింది. మన వాళ్లూ వచ్చారు. యాకూబ్‌ను పట్టి ఆపింది ఇమాం సాబ్ కొడుకే.

ఆయన్ను అరెస్టు చేశారు. రెండు రోజులకు సత్తార్ భయ్యాను కూడా. సాక్షులను కాపాడే పథకం ఒకటి ఉందట. రాజశ్రీ గారు జిల్లా జడ్జి గారికి దరఖాస్తు పెట్టింది. మంజూరైంది. తార అనే కానిస్టేబుల్ నా గది బయట కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. నమాజు వేళకు తనే నీళ్లు తోడి పెడుతుంది.

అవును, నేను నమాజు మానలేదు. నువ్వు నవ్వినా సరే. బాన్సువాడ బిడ్డ నా ఫోన్ ఎత్తడం లేదు. ఆ ఒక్కటి అల్లాకే చెప్పుకుంటున్నాను.

బిల్కిస్

*

కామారెడ్డి,
19 ఏప్రిల్ 2025

ఆపా,

నవ్వలేదు. నీ ఉత్తరం దుకాణం వెనక్కి పోయి రెండుసార్లు చదివాను. నేను ఊరుకుంటే నీ ఇల్లు నిలుస్తుందనుకున్నాను. నా అబద్ధం నిన్ను ఆ మనిషితో ఒకే గదిలో ఏడు నెలలు ఉంచింది.

ఈ రోజు పోలీసుల దగ్గరికి పోయి నా పాత మాట తప్పని చెప్పాను. ఇద్దరి పేర్లూ చెప్పాను. అబద్ధం చెప్పినందుకు గట్టిగా తిట్టారు, పడ్డాను. కోర్టులో నీ పక్కన నేనూ నిలబడతాను. అప్పటిదాకా కలవకూడదంట. సరే.

ఖదీర్

*

ఎల్లారెడ్డి,
9 ఫిబ్రవరి 2026

తమ్ముడికి ఆపా దువాలు.

కోర్టు రోజు నిన్ను బయటికి పంపాకే నన్ను పిలిచారు కాబట్టి లోపల ఏమైందో నీకు తెలియదు. వాళ్ల వకీలు గంటన్నర అడిగాడు. నా చెంప మీది గీత చూడకుండా అడిగాడు.

'నువ్వు ముసల్మానువేనా?'

'అవును సార్. అయిదు పూటలు చదువుత.'

'మరి మతం ఇడిసినోని పక్కన ఎందుకు నిలవడ్డవ్?'

'వాడు ఇడిసింది తప్పని నేను ఇయ్యాల్టికి అనుకుంట సార్. వాన్ని కొట్టుడు చూసిన. చూసింది చెప్పెటందుకు వచ్చిన.'

సత్తార్ భయ్యా దగ్గరికి వచ్చేసరికి నన్ను ఇరికించాడు. 'ముఖం కనబడిందా, లేదా?' కనబడలేదన్నాను. 'నడుము వంపు చూసి మనిషిని ఉరి తీయమంటవా?' అన్నాడు. నువ్వు మొదట గుర్తుపట్టలేదని రాయించిన కాగితం కూడా జడ్జి గారి ముందు పెట్టాడు. తీర్పు నీకు తెలుసు. యాకూబ్‌కు ఏడేళ్లు. మూడోవాడు దొరకలేదు. సత్తార్ భయ్యాను రుజువు చాలలేదని వదిలేశారు. అప్పీలుకు పోదామని రాజశ్రీ గారు అంటుంది. పోదాం.

నన్ను కామారెడ్డిలోనే ఉండమన్నారు అందరూ. ఉండను. మొన్న గురువారం తార వెంట రాగా వచ్చి నా ఇంటి తాళం తీశాను. గంగాబాయి వచ్చి నాతోపాటు ఇల్లు ఊడ్చింది. గోడ మీద నా నెత్తుటి మరక ఇంకా ఉంది. సున్నం వేశాను. రెండో పూతకు గానీ పోలేదు. జుమ్మానాడు ఇమాం సాబ్ మైకులో, బిల్కిస్ మీద చెయ్యెత్తినవాడు మసీదు మెట్లు ఎక్కొద్దని చెప్పారు. అయినా నల్లా దగ్గర సగం మంది నాతో మాట్లాడటం లేదు.

ఇక నిన్నటి సంగతి. తార టీకి పోయింది. నేను బీడీల గంప నెత్తిన పెట్టుకుని కార్ఖానాకు బయల్దేరాను. మన పాత గల్లీలో, ఆ ఇరుకు దగ్గర, సత్తార్ భయ్యా ఎదురొచ్చాడు. ఒక్కడే. చేతిలో కర్ర. గల్లీలో ఇద్దరం పట్టం. ఆయన ఆగాడు. నేనూ ఆగాను. నా చెంప మీది గీత వంక చూశాడు.

'చస్తవ్ నువ్వు' అన్నాడు.

'నువ్వు గూడ చస్తవ్ భయ్యా. అందరం చస్తం. తొవ్వ ఇయ్యి. బీడీలు అప్పజెప్పాలె' అన్నాను.

కర్ర ఎత్తాడు. కళ్లు మూసుకోకూడదనుకున్నాను. మూసుకోలేదు. రెండు కిటికీలు తెరుచుకున్నాయి. ఎవరో ఒకామె, ఎవరో కూడా నేను చూడలేదు, 'సత్తార్!' అని గట్టిగా ఒక్కసారి పిలిచింది.

ఆయన నా కాళ్ల దగ్గర ఉమ్మి, గోడకు అంటుకుని పక్కకు జరిగాడు. నేను ఆయన ముందు నుంచే నడిచి పోయాను. కార్ఖానా చేరి గంప దించి, బీడీలు లెక్కపెట్టించి అప్పజెప్పాను.

బిల్కిస్